ఇంటికి స్ప్లిట్ ఏసీ: ఏది కొనాలి, దగ్గరుండి ఎలా బిగించుకోవాలి

స్ప్లిట్ ఏసీ ఫ్యాక్టరీ నుంచి రెండు ముక్కలుగా వస్తుంది. గ్యాస్ మొత్తాన్ని అవుట్‌డోర్ యూనిట్‌లో నింపి, వాల్వులు మూసి పంపిస్తారు. ఆ రెండు ముక్కల్నీ కలిపే పని మాత్రం మీ ఇంట్లో, మీ గోడ మీద, చేత్తో జరుగుతుంది. రాగి పైపులకు నాలుగు జాయింట్లు, గోడకు ఒక రంధ్రం, నీళ్లు పోయే పైపు, ఒక కరెంటు కనెక్షన్. అంతే పని. గ్యాస్ పోయిందనీ, గోడ చెమ్మ పట్టిందనీ, ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) పడిపోతోందనీ తర్వాత మనం మొత్తుకునేదంతా చాలావరకు ఇక్కడి నుంచే పుడుతుంది. అందుకే కంపెనీ పేరు గురించి ఎంత ఆలోచిస్తారో, బిగించే ఆ రెండు మూడు గంటల గురించి అంతకంటే ఎక్కువ ఆలోచించమంటాను.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. ఏసీ కొనడానికి మే నెల దాకా ఆగకండి. ఎండలు ముదిరాక మెకానిక్‌లకు రోజుకు ఐదారు ఇళ్లు ఉంటాయి. ఒక్కో ఇంటికి ఇంత అని కూలీ వచ్చే పనిలో, తొందరలో మొదట ఎగిరిపోయేది వాక్యూమ్ చేయడమే, అంటే పైపుల్లోని గాలిని పంపుతో లాగేయడమే. అది ఎందుకంత ముఖ్యమో తర్వాత చెబుతాను. ఉగాదికి ముందే, ఫిబ్రవరిలోనో మార్చి మొదట్లోనో బిగించుకుంటే పని నిదానంగా జరుగుతుంది.

1. ముందు గది కొలవండి

షాపుకు వెళ్లేముందే టేపు తీసుకుని గది పొడవు, వెడల్పు రాసుకోండి. మామూలు పది అడుగుల ఎత్తు గదికి మోటు లెక్క ఇది: 120 చదరపు అడుగుల లోపు అయితే 1 టన్ను, 120 నుంచి 180 దాకా 1.5 టన్ను, అది దాటితే 2 టన్నులు. టన్ను అంటే గంటకు 12,000 బీటీయూల వేడిని బయటికి తోడేయగల శక్తి. వాట్లలో చెప్పాలంటే సుమారు 3,517.

ఈ లెక్క ఫ్యాన్ కింద హాయిగా పడుకోగలిగే గదికి సరిపోతుంది. మన ఇళ్లలో అసలు సమస్య పై అంతస్తు. పగలంతా ఎండలో కాగిన స్లాబు రాత్రి పదకొండు దాటినా గదిలోకి వేడి వదులుతూనే ఉంటుంది. మీ పడకగది నేరుగా స్లాబు కింద ఉన్నా, పడమటి గోడకు సాయంత్రం ఎండ కొట్టినా అర టన్ను పెంచండి. 110 చదరపు అడుగుల గదే అయినా పైన డాబా, పక్కన పడమటి ఎండ రెండూ ఉంటే 1.5 టన్నే తీసుకోండి. రెంటచింతల, రామగుండం, భద్రాచలం వైపు వాళ్లకు ఇది మరీ వర్తిస్తుంది.

అయితే టన్నులు పెంచడానికి ముందు స్లాబు వేడి తగ్గించే దారి చూడండి. డాబా మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింటు వేయిస్తే కింద గదికి తేడా తెలుస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఈ ఆలోచనతోనే. పెయింటుకు ఒకసారి పెట్టే ఖర్చుతో ఏసీ మీద పడే భారం ప్రతి వేసవిలోనూ తగ్గుతుంది.

గది లోపల కూడా ఒకసారి చుట్టూ చూడండి. పాత ఇళ్లలో తలుపుల మీద, కిటికీల మీద వెంటిలేటర్లు ఉంటాయి. కూలర్ కోసం తీసిన కిటికీ సందు ఉంటుంది. అటాచ్డ్ బాత్‌రూమ్‌కి ఎగ్జాస్ట్ రంధ్రం ఉంటుంది. వెంటిలేటర్లకు అద్దమో అక్రిలిక్ షీటో బిగించండి, తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ వేయండి. ఇవి వదిలేసి పెద్ద ఏసీ పెడితే డబ్బు ఆ సందుల్లోంచే పోతుంది.

ఎందుకైనా మంచిదని చిన్న గదికి 2 టన్నులు పెట్టడం కూడా సరైంది కాదు. పెద్ద ఏసీ గాలిని గబగబా చల్లబరిచి నెమ్మదిస్తుంది, గాలిలో తేమ తీసే టైమ్ దానికి ఉండదు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి ఉక్కపోత ఊళ్లలో గది చల్లగానే ఉండి, దుప్పటి మాత్రం చెమ్మగా తగులుతుంది.

2. లేబుల్ చదవండి, నక్షత్రాలు లెక్కపెట్టడం తర్వాత

ప్రతి ఏసీ మీద కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ లేబుల్ ఉంటుంది. అందులో మూడు అంకెలు చూడాలి.

మొదటిది కూలింగ్ కెపాసిటీ. వాట్లలో రాసి ఉంటుంది. 1.5 టన్ను అంటే లెక్క ప్రకారం 5,275 వాట్లు రావాలి. కానీ 1.5 టన్ను పేరుతోనే 4,800 వాట్ల మోడళ్లూ అమ్ముతారు, 5,200 దాటినవీ అమ్ముతారు. రెండింటి ధర పక్కపక్కనే ఉంటుంది. పై అంతస్తు వాళ్లకు ఆ 400 వాట్ల తేడా చిన్నది కాదు. సేల్స్‌మన్ నోట 1.5 టన్ను అనే మాట విని ఊరుకోకుండా లేబుల్ మీద అంకె చూపించమనండి. ఈ కెపాసిటీని బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు కొలుస్తారు. మన మే నెల మధ్యాహ్నం 44, 45 డిగ్రీల్లో ఏ ఏసీ అయినా అంతకంటే తక్కువే ఇస్తుంది. బ్రోచర్‌లో ఎంత ఎండ దాకా పనిచేస్తుందో రాస్తారు. 50 డిగ్రీలు, ఆపైన రాసిన మోడల్ అయితే మనకు నిశ్చింత.

రెండోది ఐఎస్ఈఈఆర్. ఏడాది మొత్తం మీద ఒక్కో యూనిట్ కరెంటుకు ఎంత చల్లదనం ఇస్తుందో చెప్పే అంకె ఇది. ఎంత ఎక్కువైతే అంత మంచిది. స్టార్లు దీన్నిబట్టే ఇస్తారు. ఆ హద్దుల్ని బీఈఈ అప్పుడప్పుడూ బిగిస్తూ ఉంటుంది. 2026 జనవరి నుంచి మళ్లీ బిగించారు కాబట్టి పాత స్టాకులో 5 స్టార్, కొత్త స్టాకులో 4 స్టార్ ఒకే సామర్థ్యంతో ఉండొచ్చు. కాబట్టి స్టార్లను స్టార్లతో పోల్చకండి, ఐఎస్ఈఈఆర్ అంకెల్ని పోల్చండి. లేబుల్ మీద అది ఏ కాలానికి చెల్లుతుందో కూడా ఉంటుంది.

మూడోది ఏడాదికి ఎన్ని యూనిట్లు. దీన్ని 1,600 గంటల వాడకానికి లెక్కేస్తారు. 3 స్టారా, 5 స్టారా అని బుర్ర బద్దలు కొట్టుకునేవాళ్లకు జవాబు ఇక్కడే ఉంది. ఉదాహరణకు ఒకదానికి 1,000 యూనిట్లు, ఇంకోదానికి 750 రాసి ఉందనుకుందాం. మీరు వేసవి మూడు నెలలు రాత్రి ఎనిమిది గంటలు మాత్రమే వేస్తే అది 720 గంటలు, అంటే లేబుల్ లెక్కలో సగం కూడా కాదు. 250 యూనిట్ల తేడాలో మీకు మిగిలేది ఏడాదికి 112 యూనిట్లు. యూనిట్ ఎనిమిది రూపాయలు వేసుకున్నా 900. రెండు ఏసీల ధరల మధ్య తేడా పది వేలైతే ఆ డబ్బు వెనక్కి రావడానికి పదేళ్లు దాటుతుంది. అదే ఇంట్లో పెద్దవాళ్లో చంటిపిల్లలో ఉండి పగలూ రాత్రీ వేసేవాళ్లయితే ఏడాదికి రెండు వేలు, ఇంకా ఎక్కువే మిగులుతుంది. వాళ్లు 5 స్టార్ కొనడమే లాభం. నా ఉద్దేశంలో రాత్రిపూట మాత్రమే వాడేవాళ్లకు మంచి కెపాసిటీ ఉన్న 3 స్టార్ ఇన్వర్టర్ ఏసీ చాలు. మిగిలిన డబ్బు వైరింగ్‌కి, బిగింపుకి పెట్టండి.

ఇన్వర్టర్ అంటే కరెంటు పోతే నడిచేది కాదు, గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసర్ వేగం తగ్గించుకుంటూ పెంచుకుంటూ నడిచేది. షాపుల్లో ఇప్పుడు దాదాపు అన్నీ ఇవే. కాయిల్ (గ్యాస్ తిరిగే గొట్టాల చుట్ట) రాగిదై, దాని మీద తుప్పు పట్టకుండా పూత ఉండాలి. సముద్రం దగ్గర ఉండేవాళ్లు పూత ఉందో లేదో తప్పనిసరిగా అడగండి, ఉప్పుగాలి అల్యూమినియం రేకుల్ని పొడి చేస్తుంది. మురుగు కాలువ పక్కన ఇల్లు ఉన్నవాళ్లకూ ఇదే జాగ్రత్త. ఆ వాసనలో ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ రాగిని కొద్దికొద్దిగా తినేస్తుంది.

గ్యాస్ విషయానికొస్తే ఎక్కువ ఏసీల్లో ఆర్-32 ఉంటుంది. పాత ఆర్-22 కంటే పీడనం ఎక్కువ, కొద్దిగా మండే గుణమూ ఉంది. భయపడాల్సిన పని లేదు. కానీ పాత పైపులకు దీన్ని తగిలించడం, అటూ ఇటూ తెలిసిన కుర్రాడితో బిగించడం మాత్రం వద్దు.

ధర మాట్లాడేటప్పుడు 'ఇన్‌స్టలేషన్ ఫ్రీ' అన్న మాటను విడదీసి అడగండి. సాధారణంగా ఫ్రీ అయ్యేది కూలీ మాత్రమే. స్టాండు, డ్రెయిన్ పైపు, గోడకు కోర్ కటింగ్ (మిషన్‌తో గుండ్రటి రంధ్రం చేయడం), 3 మీటర్లు దాటిన రాగి పైపు, స్టెబిలైజర్ వేరే. కంపెనీకి రేట్ కార్డు ఉంటుంది. దాన్ని వాట్సాప్‌లో పంపించమనండి. ఏసీ మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 నుంచి 18 శాతానికి తగ్గింది, బిల్లులో అదే పడిందో లేదో చూసుకోండి.

3. కరెంటు సంగతి ఏసీ రాకముందే తేల్చండి

1.5 టన్ను ఏసీ పూర్తి వేగంతో నడిచేటప్పుడు దాదాపు ఒకటిన్నర కిలోవాట్లు లాగుతుంది. ఆ లోడు గంటల తరబడి ఉంటుంది కాబట్టి ఫ్యాన్లకూ లైట్లకూ వేసిన వైరుకు దాన్ని తగిలించకూడదు. మీటరు దగ్గరి బోర్డు నుంచి ఏసీకి ప్రత్యేకంగా ఒక లైను లాగించండి. మన ఎలక్ట్రీషియన్లు 'నాలుగు ఎంఎం' అనే రాగి వైరు 1.5 టన్నుకు సరిపోతుంది. దానికి విడిగా సీ కర్వ్ ఎంసీబీ (మోటారు మొదలయ్యేటప్పటి కరెంటును తట్టుకునే రకం) పెట్టించండి, ఎన్ని ఆంప్స్‌దో ఏసీ మాన్యువల్ చెబుతుంది. ఇంటి మొత్తానికి 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకై షాక్ కొట్టే పరిస్థితి వస్తే సప్లై ఆపేసే స్విచ్) లేకపోతే ఇదే అదనుగా అదీ పెట్టించండి.

ఎర్త్ విషయంలో పట్టుబట్టండి. చాలా ఇళ్లలో మూడో వైరు బోర్డు దాకా వచ్చి ఆగిపోతుంది, లేదా ఎర్త్ గుంత ఎండిపోయి ఉంటుంది. మల్టీమీటరుతో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య కొలవమనండి. రెండు మూడు వోల్టులు దాటితే ఏదో తేడా ఉంది. వేసవిలో ఎర్త్ గుంతలో అప్పుడప్పుడూ బకెట్ నీళ్లు పోయండి.

స్టెబిలైజర్ కావాలా వద్దా అన్నది షాపులో తేలేది కాదు. ఇన్వర్టర్ ఏసీల మీద ఎన్ని వోల్టుల నుంచి ఎన్ని వోల్టుల దాకా స్టెబిలైజర్ అక్కర్లేదో రాసి ఉంటుంది. మీ వీధిలో అందరి ఏసీలూ నడిచే రాత్రి తొమ్మిది, పది గంటలప్పుడు మీ ఇంట్లో వోల్టేజ్ ఎంతో కొలిపించండి. ఆ హద్దులోనే ఉంటే డబ్బు మిగిలినట్టే. పల్లెల్లో, ట్రాన్స్‌ఫార్మర్‌కు చివర్లో ఉన్న ఇళ్లలో అంతకంటే కిందికి పడిపోతుంది, అక్కడ తప్పదు.

కరెంటు బిల్లు తీసి, మీ సర్వీసుకు ఎన్ని కిలోవాట్ల లోడు మంజూరైందో చూడండి. ఒక కిలోవాట్ అని ఉంటే సెక్షన్ ఆఫీసులోనో ఆన్‌లైన్‌లోనో అదనపు లోడుకు దరఖాస్తు పెట్టండి. తెలంగాణలో గృహజ్యోతి (200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు పథకం) వర్తించే ఇళ్లవాళ్లు ఇంకో లెక్క కూడా వేసుకోవాలి. నెలకు 200 యూనిట్లు దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాలి. రాత్రి ఎనిమిది గంటలు నడిచే ఏసీకి మామూలుగా ఐదు యూనిట్లు వేసుకున్నా నెలకు 150. ఇప్పటి మీ వాడకానికి దాన్ని కలిపి చూసుకోండి.

4. ఇన్‌డోర్ ఎక్కడ, అవుట్‌డోర్ ఎక్కడ

అవుట్‌డోర్ చోటు ముందు ఖాయం చేయండి. దాన్నిబట్టి ఇన్‌డోర్ గోడ తేలుతుంది. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, చివరికి పది మీటర్ల రాగి పైపు ఇల్లంతా తిరుగుతుంది.

అవుట్‌డోర్‌కి కావలసింది నీడ, గాలి, మనిషి నిలబడే చోటు. అది లోపలి వేడిని తెచ్చి బయట పారబోసే యంత్రం. వెనక కనీసం అర అడుగు, ముందు రెండు మూడు అడుగులు ఖాళీ లేకపోతే తను వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటుంది. అపార్ట్‌మెంట్లలో బాత్‌రూమ్ పైపులు పోయే సన్నటి డక్ట్‌లో వరసగా అన్ని ఫ్లాట్ల అవుట్‌డోర్లూ పెట్టడం నాకు అసలు నచ్చదు. కింది ఫ్లాట్ల వేడంతా పైకి వచ్చి, మీ ఏసీ మే నెలలో ఆయాసపడుతుంది. ఉత్తరం వైపో తూర్పు వైపో బాల్కనీ ఉంటే అదే మంచిది. దొంగల భయంతో గ్రిల్ పెట్టించినా ముందు భాగం మూసేయకండి.

మనిషి నిలబడే చోటు అన్నది మర్యాదకు అన్న మాట కాదు. సర్వీసుకు వచ్చే కుర్రాడు ఏడాదికి రెండుసార్లు అక్కడికి ఎక్కాలి. మూడో అంతస్తు కిటికీ బయట సన్‌షేడ్ మీద, నడుముకు బెల్టు లేకుండా నిలబడే పని ఎవరితోనూ చేయించకండి. అలాంటి చోటు తప్ప వేరే లేదంటే డాబా మీద పెట్టించండి. పైపు ఖర్చు పెరిగితే పెరగనివ్వండి.

ఇన్‌డోర్‌ని నేల నుంచి ఏడు, ఏడున్నర అడుగుల ఎత్తున, సీలింగ్‌కు కనీసం అర అడుగు కింద పెట్టాలి. గాలి పైనుంచే పీల్చుకుంటుంది కాబట్టి ఆ ఖాళీ తగ్గించకూడదు. గాలి గది పొడవు వెంట పోవాలి, పడుకున్నవాళ్ల తల మీద పడకూడదు. కింద టీవీ, స్విచ్ బోర్డు, పుస్తకాల బీరువా లేకుండా చూసుకోండి. ఎప్పుడో ఒకరోజు డ్రెయిన్ పైపు మూసుకుపోయి నీళ్లు కారుతాయి. వీలైనంతవరకు బయటి గోడకే బిగించండి.

అద్దె ఇల్లయితే గోడకు రంధ్రం పెట్టేముందు ఓనరు గారిని అడిగి, ఒప్పుకున్నట్టు మెసేజ్ పెట్టించుకోండి.

5. బిగించే రోజు

పొద్దున పనికి రమ్మనండి. వచ్చినవాళ్లను లోపలికి పిలిచి, మంచినీళ్లిచ్చి, సామాను దింపకముందే అడగాల్సినవి మూడు: 'అన్నా, వాక్యూమ్ పంపు తెచ్చారా? ఫ్లేరింగ్ టూల్, పైపు కట్టర్ ఉన్నాయా? పైపు ఒకే ముక్కా?' ఫ్లేరింగ్ అంటే జాయింటు కోసం పైపు చివరను గరాటులా వెడల్పు చేయడం. పంపు లేదంటే ఆరోజు పని వద్దని మర్యాదగా చెప్పి పంపించేయండి. ఇక్కడ మొహమాటపడితే కంప్రెసర్ మీద పడుతుంది.

రంధ్రం: డ్రిల్లుతో చుట్టూ చిల్లులు పెట్టి సుత్తితో కొట్టేస్తే గోడ లోపల పగుళ్లు వస్తాయి. కోర్ కటింగ్ మిషన్‌తో రెండున్నర, మూడు అంగుళాల రంధ్రం చేయించండి. బయటివైపు కొంచెం కిందికి వాలుగా ఉండాలి, అప్పుడు వాన నీళ్లు లోపలికి రావు, డ్రెయిన్ నీళ్లు సులువుగా పోతాయి. పిల్లర్, బీమ్ జోలికి పోనివ్వకండి. గోడలో వైర్లు ఎటు పోతున్నాయో ముందే చెప్పండి.

స్టాండు: అవుట్‌డోర్ బరువు ముప్పై కిలోలకు అటూ ఇటూ ఉంటుంది, పైగా అదురుతుంది. గోడ ఇటుకదైతే, ముఖ్యంగా ఈమధ్య వాడుతున్న తేలికపాటి బ్లాకులదైతే, దానికి తగ్గ ఫాస్టెనర్లు వేయాలి. స్టాండుకీ యూనిట్‌కీ మధ్య రబ్బరు ప్యాడ్లు పెట్టించండి. సముద్రం ఊళ్లలో స్టాండుకు గాల్వనైజింగ్, బోల్టులకు స్టెయిన్‌లెస్ స్టీల్ అడగండి.

పైపు: 1.5 టన్నుకు ఎక్కువగా పావు అంగుళం సన్న పైపు, అర అంగుళం లావు పైపు వస్తాయి. గోడ మందం 0.8 మిల్లీమీటర్లు ఉండాలి. రెండింటికీ విడివిడిగా నల్లటి ఇన్సులేషన్ గొట్టం తొడగాలి, రెండూ కలిపి ఒకే గొట్టంలో దూర్చకూడదు. మధ్యలో అతుకు వద్దు. పొడవు 3 మీటర్ల కంటే మరీ తగ్గినా కంపెనీలు ఒప్పుకోవు, ఎక్కువైతే మీటరుకు ఇన్ని గ్రాముల గ్యాస్ అదనంగా కలపాలని మాన్యువల్‌లో ఉంటుంది.

ఇప్పుడు ఆ నాలుగు జాయింట్లు. ఇక్కడ కుర్చీ వేసుకుని కూర్చుని చూడండి. పైపును హాక్సా బ్లేడుతో కోయకూడదు, కట్టర్‌తోనే కోయాలి. కోసిన అంచు లోపలికి కొద్దిగా ముడుచుకుంటుంది. దాన్ని రీమర్‌తో గీరేటప్పుడు పైపు మూతి కిందికి వంచి పట్టుకోవాలి, లేకపోతే రాగి రజను లోపలికి జారి కంప్రెసర్‌లోకి పోతుంది. నట్టును ముందే పైపులోకి ఎక్కించాలి, ఆ తర్వాతే ఫ్లేర్ చేయాలి. మంచి ఫ్లేర్ చూడగానే తెలుస్తుంది: గరాటు మూతిలా చుట్టూ ఒకే వెడల్పుతో, లోపలి ముఖం నున్నగా మెరుస్తూ ఉంటుంది. వెంట్రుకంత చీలిక కనబడినా, ఒకవైపు పెద్దగా ఒకవైపు చిన్నగా ఉన్నా అది కోసేసి మళ్లీ చేయమనండి. ఆ కాస్త పైపు ఖరీదు మీరే ఇస్తామనండి. నట్టును మొదట నాలుగైదు చుట్లు చేత్తోనే తిప్పాలి, చేత్తో తిరగకపోతే మర వంకరగా పడిందని అర్థం. బిగించేటప్పుడు రెండు స్పానర్లు, ఒకటి పట్టుకోవడానికి, ఒకటి తిప్పడానికి. బలం ఉంది కదా అని విపరీతంగా బిగిస్తే ఫ్లేర్ పగులుతుంది. టార్క్ రెంచ్ తెచ్చిన మెకానిక్ దొరికితే అతని నంబరు దాచుకోండి.

వాక్యూమ్: పైపులు కలిపాక వాటిలో మామూలు గాలి, దానితో తేమ ఉంటాయి. గాలి గ్యాస్‌లాగా ద్రవంగా మారదు, ఊరికే పీడనం పెంచి కంప్రెసర్‌ను వేడెక్కిస్తుంది. తేమ కంప్రెసర్ నూనెతో కలిసి ఆమ్లమై మోటారు వైండింగ్‌ను తినేస్తుంది. ఏసీ మొదటి రోజు బ్రహ్మాండంగా చల్లబరుస్తుంది కాబట్టి ఈ తప్పు మీకు తెలియదు. రెండు మూడేళ్ల తర్వాత తెలుస్తుంది.

లావు పైపు వాల్వు దగ్గర సర్వీస్ పోర్టు ఉంటుంది. గేజ్ (పీడనం చూపే మీటరు) ద్వారా పంపును అక్కడ తగిలించి కనీసం పదిహేను ఇరవై నిమిషాలు నడపాలి. తర్వాత గేజ్ వాల్వు మూసి, పంపు ఆపి, పది నిమిషాలు ముల్లును చూడండి. కదలకపోతే జాయింట్లు బాగున్నట్టు. పైకి లేస్తుంటే ఎక్కడో లీకు ఉన్నట్టు, గ్యాస్ వదలకముందే దాన్ని పట్టుకోవాలి. నైట్రోజన్‌తో ప్రెషర్ టెస్ట్ చేసేవాళ్లయితే ఇంకా మంచిది.

'వాక్యూమ్ ఎందుకు సార్, కొంచెం గ్యాస్ వదిలి గాలి తోసేస్తాం' అంటారు కొందరు. ఒప్పుకోకండి. చాలా ఇంటి ఏసీల్లో మొత్తం గ్యాసే కిలో లోపు. అందులోంచి బయటికి వదిలింది మీ చల్లదనంలోంచి తగ్గినట్టే. పైగా తేమ అలా పోదు.

వాక్యూమ్ నిలబడ్డాక అలెన్ కీతో ముందు సన్న పైపు వాల్వు, తర్వాత లావు పైపు వాల్వు పూర్తిగా తెరవాలి. వెంటనే నాలుగు నట్ల మీదా సబ్బు నురగ పూసి బుడగ వస్తుందేమో చూడాలి. వాల్వుల మీది ఇత్తడి మూతలు మళ్లీ గట్టిగా పెట్టించండి, అవీ గ్యాస్‌ను ఆపేవే. చివరగా జాయింట్లకు ఇన్సులేషన్ చుట్టాలి. లావు పైపు నట్టు చుట్టకుండా వదిలేస్తే దాని మీద నీళ్లు పట్టి గోడ తడుస్తుంది.

డ్రెయిన్: ఉక్కపోత రోజుల్లో 1.5 టన్ను ఏసీ నుంచి గంటకు లీటరు పైనే నీళ్లు రావచ్చు. పైపు మొదటి నుంచి చివరిదాకా కిందికే పోవాలి, ఎక్కడా పైకి లేవకూడదు. చివర బకెట్ నీళ్లలో మునగకూడదు, మునిగితే గాలి ఆడక నీళ్లు లోపలికి తంతాయి. బాత్‌రూమ్ డ్రైనేజీ పైపులోకి నేరుగా కలిపితే ఆ వాసన పడకగదిలోకి వస్తుంది. మొక్కల కుండీ వైపు వదిలితే నీళ్లూ వృథా కావు. కింది ఫ్లాటు బాల్కనీలో పడకుండా మాత్రం చూసుకోండి.

6. డబ్బులిచ్చేముందు

మెకానిక్ ఉండగానే ఒక సీసా నీళ్లు ఇన్‌డోర్ ట్రేలో పోయించండి. ఎక్కడా ఆగకుండా బయట పడాలి. తర్వాత కూల్ మోడ్‌లో అతి తక్కువ డిగ్రీలు పెట్టి ఇరవై నిమిషాలు నడపండి. మామూలు థర్మామీటరుతో గది గాలినీ, ఏసీ నుంచి వచ్చే గాలినీ కొలిస్తే పది డిగ్రీలకు పైగా తేడా రావాలి. క్లాంప్ మీటరుతో ఎన్ని ఆంప్స్ లాగుతోందో చూపించమని, యూనిట్ మీద రాసిన అంకెతో పోల్చండి. ప్లగ్గు పెట్టి ఉంటే అరగంట తర్వాత ఏసీ ఆపి దాన్ని ముట్టుకోండి. వేడిగా ఉంటే సాకెట్ వదులుగా ఉంది. ఏసీకి ప్లగ్గు కంటే నేరుగా ఐసోలేటర్‌కు (లైనును పూర్తిగా తెంచే స్విచ్‌కు) కనెక్షన్ ఇవ్వడమే మంచిదని నా అభిప్రాయం. గోడ రంధ్రం చుట్టూ రెండువైపులా పుట్టీ పెట్టారో లేదో చూడండి, లేకపోతే చీమలూ బల్లులూ ఆ దారినే వస్తాయి.

అవుట్‌డోర్ పక్కన అంటించిన లేబుల్‌కు ఫోటో తీసుకోండి. గ్యాస్ పేరు, ఎన్ని గ్రాములు, సీరియల్ నంబరు అందులో ఉంటాయి. వారంటీ నమోదు అదేరోజు చేసేయండి. బిగించినవారి జాబ్ షీట్, అదనంగా కట్టిన డబ్బుకు రశీదు తీసుకోండి.

7. ఆ తర్వాత

2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఉన్న ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవుతాయి. సీలింగ్ ఫ్యాన్ ఒకటో రెండో నంబర్‌లో వేసుకుని 26 పెట్టి చూడండి, చాలామందికి సరిపోతుంది. ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు సుమారు 6 శాతం తగ్గుతుందని బీఈఈ చెబుతుంది. ఫిల్టర్లు పదిహేను రోజులకోసారి కుళాయి కింద కడిగి, నీడలో ఆరబెట్టండి. సముద్రతీరం వాళ్లు అవుట్‌డోర్ కాయిల్‌ను నెలకోసారి మంచినీళ్లతో మెల్లగా కడిగించండి, కడిగేముందు ఎంసీబీ దించండి.

ప్రతి వేసవికీ గ్యాస్ నింపాలని ఎవరైనా చెబితే నమ్మకండి. ఏసీలో గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, మూసిన పైపుల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే లీకు ఉందని. లీకు ఎక్కడుందో చూపించి, దాన్ని మూసి, మళ్లీ వాక్యూమ్ చేసి, త్రాసు మీద తూచి గ్యాస్ నింపేవాడికే డబ్బులివ్వండి. లీకు అనుమానం ఉంటే కిటికీలు తెరిచి ఉంచండి, ఆ గదిలో అగ్గిపుల్ల గీయకండి.

ఇల్లు మారేటప్పుడు పైపులు ఊరికే విప్పేయనివ్వకండి. ముందు సన్న పైపు వాల్వు మూసి, ఏసీని కూల్‌లో నడిపి, గ్యాస్ అంతా అవుట్‌డోర్‌లోకి వచ్చాక లావు పైపు వాల్వు మూసి, వెంటనే ఏసీ ఆపాలి. దీన్నే పంప్ డౌన్ అంటారు. విప్పిన పైపు చివర్లకూ వాల్వులకూ దుమ్ము పోకుండా మూతలు వేయించండి. పైపు పాతబడినా, వంగి నొక్కుకుపోయినా కొత్త ఇంట్లో కొత్త పైపే వేయించండి. కొత్త గోడ మీద కూడా ఆ నాలుగు ఫ్లేర్లూ కొత్తగా చేయాలి, వాక్యూమ్ మళ్లీ పట్టాలి.